తాత పేరు కుండుంగ

ముఆరా కమాన్ అని చదవగానే ఇంగ్లీషు 'కమాన్' గుర్తొస్తుంది. హైదరాబాద్ వాళ్ళకైతే చార్ కమాన్ గుర్తొస్తుందేమో. ఈ ఊరికి ఆ రెండింటితోనూ సంబంధం లేదు. ఇండోనేషియా భాషలో ముఆరా అంటే నది వెళ్ళి కలిసే చోటు. అది సముద్రంలో కలిసినా, ఇంకో నదిలో కలిసినా అదే మాట. బోర్నియో దీవికి తూర్పు వైపు మహాకాం అని పెద్ద నది ఒకటి ఉంది, పొడవు 900 కిలోమీటర్లు దాటుతుంది. మ్యాప్ తెరిచి ఆ నది వెంబడి వేలు పెట్టి సముద్రం నుంచి పైకి జరుపుకుంటూ వెళ్ళండి. ముఆరా జావా, ముఆరా కమాన్, ముఆరా ముంతాయ్, ముఆరా పహు. ఇలా ముఆరాలు వస్తూనే ఉంటాయి. పడవ మీద తిరిగేవాళ్ళు పెట్టుకున్న పేర్లు ఇలాగే ఉంటాయి మరి, ఎక్కడ ఏ నీళ్ళు కలుస్తాయో తెలిస్తే దారి తెలిసినట్టే. మనకి కూడలి, సంగమేశ్వరం ఉన్నట్టే.

ముఆరా కమాన్ నుంచి ఇంకొంచెం ఎగువకి వెళ్తే కోత బంగున్ అనే ఊరు వస్తుంది. వాళ్ళ భాషలో కోత అంటే పట్టణం. సంస్కృతం మీదుగా వెళ్ళిన మన 'కోట' అది. ఆ మాటకి మూలం ద్రావిడమే అంటారు. నాకు ఈ దీవి మీద ఆసక్తి పుట్టింది ఇలాంటి చోట్లే. కానీ ఈ వ్యాసం కోట గురించి కాదు. ఒక తాత, ఒక తండ్రి, ఒక మనవడు, వాళ్ళ మూడు పేర్ల గురించి.

1879లో ముఆరా కమాన్ దగ్గర బుకిత్ బ్రుబుస్ అనే చిన్న గుట్ట మీద నాలుగు రాళ్ళు బయటపడ్డాయి. బుకిత్ అంటేనే గుట్ట. అవి నున్నగా చెక్కిన స్తంభాలు కావు, గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉన్న నిలువు రాళ్ళు. ఫొటోలో చూస్తే మన పొలం గట్టు మీద సరిహద్దు రాయిలా ఉంటాయి. వాటి మీద అక్షరాలున్నాయి. అప్పట్లో అది డచ్చివాళ్ళ పాలన కాబట్టి వాటిని బటావియాకి, అంటే ఇవాళ్టి జకార్తాకి తీసుకెళ్ళారు. 1940లో అక్కడే ఇంకో మూడు దొరికాయి. మొత్తం ఏడు. ఇప్పుడు అవి జకార్తా నేషనల్ మ్యూజియంలో ఉంటాయి. వాటిని యూపాలు అంటారు. యూపం అంటే యజ్ఞంలో పశువుని కట్టే స్తంభం. మామూలుగా చెక్కతో చేస్తారు, ఇక్కడ గుర్తుగా రాతితో నిలబెట్టారు.

భాష సంస్కృతం, అదీ పద్యాల్లో. లిపి పల్లవ లిపి. తేదీ ఎక్కడా లేదు. అక్షరాల తీరుని బట్టి సుమారు క్రీ.శ. 400 అని పండితులు లెక్కగట్టారు. మొత్తం ఇండోనేషియాలో ఇప్పటిదాకా దొరికిన శాసనాల్లో ఇవే పాతవి. అంటే జావా కాదు, బాలి కాదు, అడవీ చిత్తడీ నిండిన బోర్నియో లోపలి ఒక నది ఒడ్డున ఆ దేశపు రాతచరిత్ర మొదలవుతుంది.

శాసనం చెప్పే విషయం చిన్నదే. కుండుంగ అనే మహాత్ముడైన రాజు ఉన్నాడు. ఆయన కొడుకు అశ్వవర్మ, సూర్యుడిలా వంశకర్త. ఆయనకి మూడు అగ్నుల్లాంటి ముగ్గురు కొడుకులు. వాళ్ళలో శ్రేష్ఠుడు మూలవర్మ. ఆ మూలవర్మ బహుసువర్ణకం అనే యజ్ఞం చేశాడు. దానికి గుర్తుగా బ్రాహ్మణులు ఈ యూపాన్ని నిలబెట్టారు. కథ అంతే.

ఇప్పుడు మళ్ళీ ఆ మూడు పేర్లు చూడండి. కుండుంగ. అశ్వవర్మ. మూలవర్మ. మొదటిది మిగతా రెండింటితో కలవదు. అది సంస్కృతం కాదు, అక్కడి స్థానిక పేరే అని ఎక్కువమంది పండితుల మాట. రెండో తరంలో 'వర్మ' వచ్చింది. వర్మ అంటే కవచం. (మనకి వర్మ అనగానే రాంగోపాల్ వర్మ గుర్తొస్తాడు, దానికి నేనేం చెయ్యలేను.) శాసనం రాసినవాళ్ళు వంశకర్త అన్న బిరుదు తాతకి ఇవ్వలేదు, తండ్రికి ఇచ్చారు. కుండుంగ కూడా రాజే, శాసనమే ఆయన్ని రాజు అంటోంది. అయినా వంశం ఆయనతో మొదలు కాలేదట, సంస్కృతం పేరున్న కొడుకుతో మొదలైందట! నాకు మొదట ఇది చదివి కోపం వచ్చింది. తర్వాత ఇంకోటి తట్టింది. తాతని పూర్తిగా వదిలెయ్యాలనుకుంటే వదిలెయ్యొచ్చు. పద్యంలో ఇమడని పేరు, పలకడానికి మొరటు పేరు. 'కుండుంగ' బదులు ఏ 'కుండలవర్మ' అనో రాసినా అడిగేవాడు లేడు. అలా చెయ్యలేదు. ఉన్న పేరు ఉన్నట్టే చెక్కించాడు మనవడు. ఆ ఒక్క పేరు లేకపోతే మూలవర్మ ఎక్కణ్ణుంచి వచ్చాడో మనకి తెలిసేదే కాదు.

నేను దీన్ని చదవడం మొదలుపెట్టింది మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ వల్ల. మా బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. 1,600 ఏళ్ళ క్రితమే మనవాళ్ళు ఓడలేసుకుని వెళ్ళి బోర్నియోని గెలిచి ఏలారని, మన పిల్లలకి ఈ చరిత్ర చెప్పరని, కింద పది జెండాలు, ఇరవై దండాలు. అలాంటివి రోజుకి నాలుగొస్తాయి, ఎవరూ తెరవరు. ఇది మాత్రం తెరిచాను, ఎందుకంటే రాయి ఫొటో ఉంది, అందులో ఒక అక్షరం మన 'ర'కి అమ్మమ్మలా అనిపించింది.

నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదువుతాను గానీ పేపర్లో ఒక పేరా చదవడానికి మా నాన్నకి పట్టే టైముకి మూడింతలు పడుతుంది. శాసనపాఠం నెట్‌లో దొరికేది ఇంగ్లీషు అక్షరాల మీద చుక్కలూ గీతలూ పెట్టిన పద్ధతిలో. అది చదువుతుంటే కళ్ళు మంటలు. సరే అని ఒక ఆదివారం హాస్టల్లో కూర్చుని పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆ చుక్కల రోమన్ పాఠాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చేది. పెద్ద పనేమీ కాదు, ఒక డిక్షనరీ, ఒక లూప్, హల్లు తర్వాత హల్లు వస్తే మధ్యలో విరామం పెట్టడం. రన్ చేశాక స్క్రీన్ మీద తెలుగులో 'మహాత్మనః' అని కనిపించింది. సంస్కృతం నాకు రాదు. అయినా అర్థమైంది. ఇంకో తమాషా. శాసనంలో వర్మ అని రాయరు, 'వర్మ్మ' అని రాస్తారు. రేఫ తర్వాత హల్లుని రెట్టిస్తారు. నా ప్రోగ్రామ్‌లో బగ్ అనుకుని అరగంట వెతికింది నా రూమ్మేట్. తర్వాత తెలిసింది, మన పాత తెలుగు శాసనాల్లోనూ, పాత అచ్చు పుస్తకాల్లోనూ 'ధర్మ్మ', 'పూర్వ్వ' అని ఇలాగే రాసేవాళ్ళట. అదే అలవాటు మహాకాం ఒడ్డున రాతి మీద ఉంది.

లిపి సంగతి వచ్చింది కాబట్టి బాబాయ్ ఫార్వర్డ్‌కి జవాబు ఇక్కడే చెప్తాను. పల్లవ లిపి అంటే పల్లవులు వెళ్ళి రాశారని కాదు. పల్లవులు వాడిన లిపిని పోలిన లిపి అని మాత్రమే. తెలుగు లిపి దానికి కూతురు కూడా కాదు, ఇద్దరూ దక్షిణాది బ్రాహ్మీ నుంచి వేరే కొమ్మల్లో వచ్చినవాళ్ళు, పెద్దమ్మ పిన్నమ్మ పిల్లల్లాంటి వరస. గెలిచారనడానికి రాళ్ళ మీద ఒక్క మాట లేదు. మూలవర్మ యుద్ధాలు చేసి చుట్టుపక్కల రాజుల చేత, యుధిష్ఠిరుడిలాగా, కప్పం కట్టించుకున్నాడని ఉంది. అది అక్కడి రాజు అక్కడి రాజుల్ని ఓడించడం. బ్రాహ్మణులు బయటి నుంచి 'ఇక్కడికి వచ్చినవాళ్ళు' అని ఒక శాసనం చెప్తుంది. వచ్చింది పురోహితులు. రాజు ఆ ఊరివాడే. తాత పేరే దానికి సాక్ష్యం. మన ఫార్వర్డ్‌లో కుండుంగ పేరు లేకపోవడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఆ పేరు పెడితే కథ నడవదు కదా.

అసలు ఆ కాలంలో వర్మ అనేది ఒక ఊపు. పల్లవులు సింహవర్మ, స్కందవర్మ. అదే నాలుగో శతాబ్దంలో కర్ణాటకలో కదంబ రాజ్యం పెట్టింది మయూరశర్మ, బ్రాహ్మణుడు. ఆయన కొడుకు కంగవర్మ. శర్మ కొడుకు వర్మ అయ్యాడు. వియత్నాం వైపు చంపాలో భద్రవర్మ. కొద్దికాలానికి పశ్చిమ జావాలో పూర్ణవర్మ. ఎవరూ ఎవరినీ ఓడించి ఆ పేరు పెట్టించలేదు. రాజు అనిపించుకోవాలంటే ఎలా వినపడాలో సముద్రం చుట్టూ అందరికీ ఒక అంచనా ఏర్పడింది, అంతే. మా నాయనమ్మ ఊరు పల్నాడులో. అదే పల్నాడులో మంచికల్లు అనే ఊళ్ళో సింహవర్మ అనే పల్లవరాజు శాసనం ఉంది, పల్లవులవి దొరికిన వాటిలో బాగా పాతది, ప్రాకృతంలో. మిరప చేల మధ్య ఆ ఊరు. వర్మ అనే మాట మంచికల్లులో కొత్త, ముఆరా కమాన్‌లోనూ కొత్తే. మధ్యలో వంద ఏళ్ళు అటూ ఇటూ.

ఇక ఆవులు. మూలవర్మ వప్రకేశ్వరం అనే పుణ్యక్షేత్రంలో బ్రాహ్మణులకి 20,000 ఆవుల్ని దానం చేశాడని రెండో శాసనం. అన్ని ఆవులు అక్కడెక్కడివి అని చాలామందికి అనుమానం. నాకూ అనుమానమే. ఆ చిత్తడి నేలలో 20,000 ఆవుల్ని మేపడం అంటే మాటలా? కానీ మన నాగార్జునకొండ శాసనాలు చూస్తే ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు కోట్ల బంగారం, లక్షల ఆవులు, లక్షల నాగళ్ళు దానం చేశాడని ఉంటుంది. దాంతో పోలిస్తే మూలవర్మ చాలా పొదుపరి. రాజు చేసిన దానాన్ని అలా పెద్ద గుండ్రటి అంకెలో చెప్పడం ఆ రోజుల పద్ధతి.

యూపం విషయంలో ఇంకో ముక్క. మహాకాం ఎగువన ఉండే బెనువాక్ దయాక్ జనం చనిపోయినవాళ్ళకి క్వంకాయ్ అనే పెద్ద కర్మ చేస్తారు. అందులో దున్నపోతుని కట్టడానికి ఒక చెక్క స్తంభం నిలబెడతారు. దాని పేరు బ్లొంతాంగ్, దాని మీద మనిషి బొమ్మ చెక్కుతారు. అంటే బ్రాహ్మణులు వచ్చి 'పశువుని కట్టడానికి ఒక స్తంభం కావాలి' అంటే మహాకాం మనుషులకి అది వింత కోరిక అయి ఉండదు అని నా ఊహ. ఉన్న అలవాటు మీద కొత్త పేరు వచ్చి కూర్చుని ఉంటుంది. ఊహే, కానీ నాకు బాగా నచ్చిన ఊహ.

సరే, మూలవర్మ రాజ్యం పేరేంటి? ఏడు రాళ్ళూ వెతికినా దొరకదు. రాజు పేరుంది, తండ్రి పేరుంది, తాత పేరుంది, ఆవుల లెక్కుంది, రాజ్యం పేరు లేదు! ఇవాళ పుస్తకాలన్నీ 'కుతాయ్ రాజ్యం' అంటాయి. ఆ పేరు చాలా తర్వాతిది. సుమారు 1300 నాటికి మహాకాం కింది భాగంలో, సముద్రానికి దగ్గర్లో, కుతాయ్ కర్తనెగర అనే ఇంకో రాజ్యం పుట్టింది. ఎగువన ముఆరా కమాన్‌లో ఉన్న పాత రాజ్యాన్ని వాళ్ళ ఆస్థాన చరిత్ర మార్తపుర, మార్తదిపుర అంటుంది. 17వ శతాబ్దంలో కింది రాజ్యం పై రాజ్యాన్ని ఓడించి కలుపుకుంది. కలుపుకున్నాక పేరు కూడా కలిపేసుకుంది: కుతాయ్ కర్తనెగర ఇంగ్ మార్తదిపుర. మన దగ్గర రెండు కంపెనీలు కలిస్తే రెండు పేర్లూ పక్కపక్కన రాస్తారే, అలా. తర్వాత డచ్చివాళ్ళు ఆ ప్రాంతాన్ని కుతాయ్ అనే పిలిచారు, కాబట్టి అక్కడ దొరికిన పాత రాళ్ళకీ, ఆ రాళ్ళ వెనక రాజ్యానికీ అదే పేరు అతికింది. గెలిచినవాళ్ళ పేరు, ఓడినవాళ్ళ పూర్వీకుల మీద, 1,000 ఏళ్ళు వెనక్కి. 1918లో ఫోగెల్ అనే డచ్ పండితుడు ఈ శాసనాల మీద పెద్ద వ్యాసం రాశాడు. అందులో స్పెల్లింగ్ చూస్తే ఇప్పటి 'యు' బదులు 'ఓఈ' ఉంటుంది, డచ్ పద్ధతి అది. ఇప్పటి స్పెల్లింగ్ కొట్టి వెతికితే పాత వ్యాసాలు సరిగ్గా తగలవు. మూడు నాలుగు రకాలుగా కొట్టాలి. పేరు మారితే చరిత్ర పోదు గానీ సెర్చ్‌లో దొరకడం మానేస్తుంది.

ఆ వంశంలో మళ్ళీ ఇంకోసారి పేర్లు మారాయి. ఇస్లాం వచ్చాక 18వ శతాబ్దంలో అజి ముహమ్మద్ ఇద్రిస్ అనే రాజు వచ్చాడు. సుల్తాన్ అనే బిరుదుతో ఇస్లామీయ పేరు పెట్టుకున్న మొదటివాడు ఆయనే అంటారు. ముందు అజి బతర అగుంగ్ దేవ శక్తి, తర్వాత అజి ముహమ్మద్ ఇద్రిస్. వెనక మాటలన్నీ మారాయి, ముందున్న 'అజి' మాత్రం కదల్లేదు. 1782లో ఇంకో అజి రాజధానిని తెంగ్గరోంగ్‌కి మార్చాడు. ఆ ఊరి పేరుకి 'తంగ్గ అరుంగ్', అంటే రాజు ఇల్లు అనే మాట మూలమని చెప్పుకుంటారు. ఇవాళ జిల్లా కేంద్రం అదే.

2022 జనవరిలో మళ్ళీ ఒక నామకరణం జరిగింది. జకార్తా మునిగిపోతోందని ఇండోనేషియా తన రాజధానిని బోర్నియోకి మార్చాలనుకుంది. అందుకు ఎంచుకున్న నేలలో కొంత భాగం ఈ కుతాయ్ కర్తనెగర జిల్లాదే. పేరు కోసం 80 దాకా పేర్లు పరిశీలించి చివరికి 'నుసంతర' అని ఖాయం చేశారు. నుస అంటే దీవి, వాళ్ళ మాట. అంతర మన సంస్కృతం మాట. కుండుంగ, వర్మ ఒకే పేరులో పక్కపక్కన కూర్చున్నట్టు అనిపించింది నాకు.

సరిగ్గా నేను ఇవన్నీ చదువుతున్న రోజుల్లోనే మా ఇంట్లోనూ ఒక పేరు గొడవ. మా పెద్దనాన్న కొడుక్కి, అంటే మా అన్నయ్యకి, పాప పుట్టింది. పంతులు గారు పుష్యమి నక్షత్రం, హూ హే హో డా అని నాలుగు అక్షరాలు చెప్పారు. 'డా'తో పేరేం పెడతాం అని అందరూ 'హ' మీద పడ్డారు. గ్రూప్‌లో పోల్ పెట్టారు. అందులో ఉన్న పేర్లన్నీ ఒకదానికొకటి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి, అర్థం అడిగితే అన్నిటికీ 'సంస్కృతంలో సంతోషం' అనే వస్తుంది. వాటిలో రెండు పేర్లు ఏ డిక్షనరీలోనూ లేవు, నేను వెతికాను.

మా నాయనమ్మది గ్రామదేవత పేరు. పోలేరమ్మ, అంకమ్మ, గంగానమ్మ ఇలాంటి వరసలోది. అసలు పేరు ఇక్కడ రాయను, నెట్‌లో పెట్టొద్దని ఆవిడే చెప్పింది. అత్తల పేర్లకి వచ్చేసరికి అన్నీ లక్ష్ములు, కుమారులు. నా తరానికి వచ్చేసరికి హాజరు పట్టీలో ముగ్గురికి ఒకే పేరు, ఇంటి పేరు పెట్టి పిలవాలి. మూడే తరాలు. కుండుంగకి, అశ్వవర్మకి, మూలవర్మకి పట్టినంత కాలమే. మమ్మల్నీ ఎవరూ ఓడించలేదు. బళ్ళో చేర్చేటప్పుడు ఫారం మీద పేరు ఎలా కనపడాలో అందరికీ ఒక అంచనా ఉంది, అంతే.

పోల్‌లో నాయనమ్మ పేరు కూడా ఉండాలని నేను మెసేజ్ పెట్టాను. ముందు పేరు కాకపోతే వెనకైనా కలపమన్నాను. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో శాంతమూలుడి మనవడికి మళ్ళీ తాత పేరే పెట్టారు. ముందు 'ఎహువల' అని చేర్చి ఎహువల శాంతమూలుడు అన్నారు. ఆ ఎహువల సంస్కృతమూ కాదు. అంటే కొత్త పేరు పక్కన పాతది నిలబెట్టిన రాజులు మన కృష్ణ ఒడ్డునే ఉన్నారు. ఇదంతా గ్రూప్‌లో టైప్ చేశాను. బాబాయ్ ఒక దండం పెట్టాడు. వదిన పర్సనల్‌గా మెసేజ్ చేసింది, 'నాకు ఇష్టమేరా, కానీ పాపకి రేపు పాస్‌పోర్ట్‌లో అంత పొడుగు పేరు...' అని. వదిన చెప్పింది అబద్ధం కాదు.

తెగ్గొట్టింది నాయనమ్మే. స్పీకర్‌లో పెట్టి అడిగితే, 'నా పేరు పెట్టమాకండయ్యా, బళ్ళో పిల్లలు ఎగతాళి చేస్తారు. నన్నే చేశారు, నేను బడికెళ్ళింది మూణ్ణెల్లే' అంది. ఆవిడ బడికెళ్ళిందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మా నాన్నకి కూడా తెలీదు. పేరు వల్ల మానేసిందా, ఇంకేదైనా కారణమా అని అడిగితే 'ఎప్పటి మాటలో' అని ఫోన్ వదినకి ఇచ్చేసింది.

పాపకి 'హ' పేరే పెట్టారు. బాగుంది పేరు. నేనూ అలాగే పిలుస్తున్నాను.

ఇవాళ తూర్పు బోర్నియోలో మూలవర్మ పేరు ఎటు చూసినా ఉంటుంది. సమరిందాలో యూనివర్సిటీ మూలవర్మ పేరిట, అక్కడి సైనిక కమాండ్ మూలవర్మ పేరిట, తెంగ్గరోంగ్‌లో పాత రాజభవనంలో పెట్టిన మ్యూజియం కూడా మూలవర్మ పేరిటే. తాత పేరు ఎక్కడైనా ఉందా అని వెతికాను. ఉంది. సంగట్టా అనే ఊళ్ళో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి కుడుంగ అని పెట్టారు. మధ్యలో ఒక సున్నా జారిపోయింది గానీ ఆయనే. నాకు ఎంత సంతోషం వేసిందంటే ఆ ఆసుపత్రి బోర్డు ఫొటో సేవ్ చేసుకున్నాను.

మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు నాయనమ్మకి ఈ కథ చెప్పాను. వాకిట్లో పట్టా మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది, నేనూ తీస్తున్నాను, తుమ్ములు. ఫోన్‌లో రాళ్ళ ఫొటో చూపించాను. ముసలాయన పేరు కుండుంగ అని చెప్తే రెండుసార్లు పలికి చూసింది, 'కుండంగయ్యా' అని మూడోసారి మనూరి పేరు చేసేసింది. కొడుకు పేరు చెప్పాను, మనవడి పేరు చెప్పాను, 20,000 ఆవుల సంగతి చెప్పాను. ఆవుల దగ్గర నవ్వింది.

'మరి కుండంగయ్య పెళ్ళాం పేరేంటి?'

రాళ్ళ మీద లేదు. నేను చదివిన తర్జుమాల్లో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు. నాగార్జునకొండలో అయితే దానాలు రాయించిన రాణుల పేర్లు వరసగా ఉంటాయి, అడవి చాటిసిరి అని ఒక రాజకుమార్తె కూడా ఉంది, అడవి అని మన మాటతోనే. ఇక్కడ లేదు. అదే చెప్పాను, రాయలేదు నాయనమ్మా అని.

'అయితే వాణ్ణి కన్నదెవరంట?' అని తొడిమలు చాటలోకి దులిపింది.